తిరిగి పంపుట అనగా ఎక్కడికి?

ఇటీవలి కాలములో పత్రిక తెరచినను, చాయ్ హోటలు బల్ల ముందు కూర్చున్నను ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది: “కాగితాలు లేనివాళ్ళను తిరిగి పంపించెయ్యాలె.” అమెరికాలో ఈ మాట మీద ఎన్నికలే నడచినవి. గల్ఫు దేశములలో ఇది ఏండ్ల తరబడి సాగుచున్న రివాజు. మన హైదరాబాదు శివారులోని బాలాపూర్ బస్తీలను గూర్చియు ఇదే మాట. అనువారు ఒక్కచోటివారు కారు, పడువారును ఒక్కచోటివారు కారు. విచిత్రమేమనగా, అక్కడ ఆ మాట పడినవారి అన్నదమ్ములే ఇక్కడ ఆ మాట అనుచున్నారు. దుబాయి నుండి కొడుకును పంపివేసినారని కన్నీరు పెట్టిన ఇంటిలోనే, బాలాపూర్‌లోని పిల్లవానిని ఎన్నడు పంపుదురని ప్రశ్న పుట్టుచున్నది. ఈ రెండు మాటలను ఒకే తక్కెడలో వేసి తూచవలెనని మా కోరిక.

మేము సరిహద్దులు వలదనువారము కాము. ఎవరిని గడప లోపలికి రానీయవలెనో నిర్ణయించుకొను హక్కు ప్రతి రాజ్యమునకు కలదు. మా ప్రశ్న వేరు. “తిరిగి పంపుట” అనుటలో “తిరిగి” అను చిన్న పదము, వెళ్ళువాని కొరకు ఎక్కడనో ఒక ఇల్లు తలుపు తెరచుకొని యున్నదని ముందే నమ్ముచున్నది. నలువది ఏండ్ల వయసులో దేశము దాటినవాని విషయములో ఆ నమ్మకము చాలవరకు నిజమే కావచ్చును. పసితనములో తల్లి కొంగు పట్టుకొని దాటినవాడు, మీసము మొలచీ మొలవక ముందే ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి దాటినవాడు, వీరి సంగతి ఏమి? వీరి కాగితమును వీరు వ్రాసికొనలేదు. ఒకరు వ్రాసినారు, మరియొకరు చెడగొట్టినారు. శిక్ష మాత్రము వీరి పేర పడుచున్నది.

మొదట మన ఇంటి సంగతి. కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల నుండి గల్ఫు ప్రయాణము నాలుగైదు దశాబ్దములుగా సాగుచున్నది. 1983 నాటి చట్టము ప్రకారము విదేశములకు కూలీలను పంపు ఏజెంటు ప్రభుత్వము వద్ద రిజిస్టరు కావలెను. పదవ తరగతి గట్టెక్కనివారు గల్ఫు వంటి దేశములకు పనికి పోవునప్పుడు ప్రభుత్వపు అనుమతి పొందవలెను. ఉద్దేశము మంచిదే, చదువు తక్కువైనవాడు మోసపోరాదని. కాని ఆ అనుమతికి పట్టు జాప్యమును తప్పించుటకు ఊరి దళారి విజిట్ వీసా అను దొడ్డిదారి చూపుచున్నాడు. లేదా “ఆజాద్ వీసా ఇప్పిస్త, యాడైనా పని చేసుకోవచ్చు” అని చెప్పి మరింత సొమ్ము గుంజుచున్నాడు. ఆజాద్ వీసా అను పేరు గల వీసా ఏ గల్ఫు దేశపు చట్టములోను లేదు. స్వేచ్ఛ అను అర్థము గల ఇంత అందమైన మాటను ఇంత మోసముగా అమ్మిన వ్యాపారము మరియొకటి ఉండదేమో!

అక్కడికి చేరిన పిదప వాని బ్రతుకు కఫీలు చేతిలో ఉండును. పాస్‌పోర్టు చాలచోట్ల కఫీలు బీరువాలో ఉండును. ఆకామా కట్టించవలసినది కఫీలే. రెండు నెలలు, మూడు నెలలు జీతము రాదు. అడిగితే రేపు రమ్మనును. విసిగి మరియొక చోట పని వెదుకుకొన్న దినముననే, “నా పనివాడు పారిపోయినాడు” అని కఫీలు ఒక్క మాట నమోదు చేయించిన చాలును. సౌదీలో దానికి హురూబ్ అని పేరు. అటుపిమ్మట ఆ ఇరువది రెండేండ్ల పిల్లవాడు అక్రమ నివాసి. మనవారు వానిని ఖల్లివెల్లి అందురు. అరబ్బీలో “పోనిమ్ము, విడిచిపెట్టుము” అను మాట మన పల్లెలలో ఒక మనిషికి పేరైనది. నిన్న సక్రమముగా నున్నవాడు నేడు అక్రమమగుటకు చేసిన నేరమేమి? జీతమడుగుట.

తరువాత ఎప్పుడో క్షమాభిక్ష ప్రకటింతురు. యు.ఏ.ఇ.లో 2007లో, 2018లో, మరల 2024లో ఇట్లే ప్రకటించినారు. సౌదీలో 2013లో స్థానికులకు ఉద్యోగములు కేటాయించు నితాఖత్ విధానము అమలైనప్పుడు వేలాది మంది మనవారు ఔట్‌పాసు కొరకు రాయబార కార్యాలయముల ముందు బారులు తీరినారు. క్షమాభిక్ష వలన ఎందరో జైలు తప్పించుకొని ఇల్లు చేరినారు, కాదనము. కాని ఆ పేరే మాకు మింగుడు పడదు. జీతము ఎగవేసినవానిని క్షమింపనక్కరలేదట. ఎగవేతకు గురియైనవాడు భిక్షకు నిలబడవలెనట.

ఏమైనను గల్ఫు నుండి వచ్చిన పిల్లవానికి ఇల్లున్నది. గడపలో తల్లి ఉన్నది. ఆ తల్లి ప్రక్కనే మూడు రూపాయల మిత్తికి అప్పిచ్చిన షావుకారును ఉన్నాడు, అది వేరు దుఃఖము. “తిరిగి” అను పదము ఇక్కడ కొంతవరకైనను అర్థవంతముగనే ఉన్నది.

అమెరికా సంగతికి వచ్చినచో ఆ అర్థము సడలుట మొదలగును. 2025 ఫిబ్రవరి 5న సైనిక విమానములో 104 మంది భారతీయులను చేతులకు, కాళ్ళకు సంకెళ్ళతో అమృతసర్‌లో దింపిన వార్త దేశమంతయు చూచినది. వారిలో తెలుగువారి మాట అంతగా వినబడలేదు గనుక మన ప్రాంతములో ఆ వేడి వారము దినములలో చల్లారినది. కాని మన పిల్లలకు ఇదేమి క్రొత్త కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయముపై దాడి జరిగినప్పుడు అందులో పేరున్న పదునైదు వందల పైచిలుకు విద్యార్థులలో అత్యధికులు నాటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాలి మడమకు రేడియో పట్టీలు బిగించినారు. పశువుకు గంట కట్టినట్లు మనిషికి పట్టీ కట్టుటను భారత ప్రభుత్వము ఆనాడు నిరసించినది. ఆ సంస్థను నడిపిన యజమానురాలికి 2014లో పదహారేండ్లకు పైబడిన కారాగార శిక్ష పడినది. మోసము చేసినవారు ఎవరో న్యాయస్థానమే తేల్చినది. అయినను చదువు, సొమ్ము, వీసా పోగొట్టుకొన్నది విద్యార్థులే.

దానికంటె వింత 2019లో జరిగినది. మిచిగాన్ రాష్ట్రములో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేరుతో కార్యాలయము తెరచి, వెబ్‌సైటు పెట్టి, ఫీజులు వసూలు చేసినవారు దొంగలు కారు, సాక్షాత్తు ఆ దేశపు హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ అధికారులే! అందులో పాఠములు లేవు, ఉపాధ్యాయులు లేరు. ఆరు వందల మందికి పైగా చేరినారు. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారు అధికులు. విద్యార్థులను చేర్పించిన దళారులు ఎనిమిది మంది మీద కేసులు నడచినవి. తరగతులు జరుగవని తెలిసియే, పని చేసుకొను అనుమతి కొరకే వీరు చేరినారని ప్రభుత్వ పక్షము వాదించినది. కొందరికి తెలిసియే యుండును. ఆ సంగతి దాచి వాదించుట మాకు ఇష్టము లేదు. కాని ఇరువది లక్షల అప్పు తలమీద ఉన్న పిల్లవాడు, హెచ్-1బి లాటరీలో పేరు రాక, గడువు మీదికి వచ్చినప్పుడు వాని ముందు ఒక ప్రభుత్వమే వల పరచుట ఎట్టి న్యాయము? చెరువులో ఎర వేసినవాడు చేపను దొంగ యనరాదు గదా. కట్టిన ఫీజు తిరిగి ఇమ్మని ఒక విద్యార్థి వేసిన దావాను 2024లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము పునరుద్ధరించినది. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల రికార్డులను రాత్రికి రాత్రి రద్దు చేసి, న్యాయస్థానములు ప్రశ్నింపగా నెలాఖరుకు పునరుద్ధరించిన ఉదంతమును మన తల్లిదండ్రులు ఇంకను మరువలేదు. ఆ నెల నిజామాబాదు నుండి ఎన్ని ఇండ్లలో నిద్ర లేదో లెక్క వేసినవారు లేరు.

వీరైనను పెద్దవారై వెళ్ళినవారు. మూడేండ్ల వయసులో వెళ్ళిన పిల్లలున్నారు. తండ్రి హెచ్-1బి వీసాపై ఇంజనీరు, తల్లి, బిడ్డలు హెచ్-4 వీసాపై అతని వెంట. గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసి పది, పదునైదు ఏండ్లు గడచినను వంతు రాదు. ఏలయనగా ఏ ఒక్క దేశమువారికిని ఏటా మొత్తములో నూటికి ఏడుకు మించి ఇవ్వరాదని నియమము, భారతీయుల వరుస మాత్రము కొండవీటి చేంతాడు. ఈలోగా బిడ్డకు ఇరువది యొకటి నిండును. ఆ పుట్టినరోజున ఆ బిడ్డ తండ్రి వీసా నీడ నుండి తప్పుకొనవలెను. విద్యార్థి వీసా సంపాదింపవలెను, లేదా దేశము విడువవలెను. ఇట్టివారు రెండున్నర లక్షల మంది వరకు ఉందురని వారి సంఘముల అంచనా. వీరిలో తెలుగు బిడ్డలు తక్కువ కారు.

ఇందులోని వక్రతను గమనింపుడు. కాగితములు లేకుండ బాల్యములో వచ్చినవారిని దేశము నుండి పంపకుండ 2012 జూన్ 15న అధ్యక్షుడు ఒబామా ‘డాకా’ అను ఏర్పాటు చేసినాడు. పదహారేండ్ల లోపు వచ్చి, అక్కడనే చదివినవారికి రెండేండ్లకొకసారి పొడిగించు రక్షణ అది. ఆ ఏర్పాటు మన బిడ్డలకు వర్తించలేదు. ఎందుకనగా ఆ దినమున వారి కాగితములు సక్రమముగా ఉన్నవి! చట్టమును పాటించినందుననే చట్టపు దయకు దూరమైనారు. “వరుసలో నిలబడినవారికి అన్యాయము చేసి వరుస తప్పినవారిని ఆదరింతురా?” అని డాకాను విమర్శించువారు అడుగుదురు. మా సమాధానము, వరుసలో నిలబడినవారి బిడ్డలకు కూడ తలుపు తీయవలెననియే కాని, మరియొకరి మీద తలుపు మూయవలెనని కాదు. డాకాను 2017లో రద్దు చేయబూనగా, 2020 జూన్ 18న ఆ దేశపు సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తీర్పుతో ఆ రద్దు పద్ధతిని చెల్లదన్నది. ఆ తరువాతను వ్యాజ్యములు ఆగలేదు. పిల్లలు మాత్రము ముప్పది ఏండ్ల వారైనారు.

మేము తరచు తలచుకొను తీర్పు మరియొకటి ఉన్నది. కాగితములు లేని పిల్లలకు ఉచిత పాఠశాల ఇవ్వనక్కరలేదని టెక్సాసు రాష్ట్రము చట్టము చేయగా, 1982లో ప్లైలర్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. తల్లిదండ్రుల నడవడికి పిల్లలను బాధ్యులను చేయరాదన్నది అందలి ముఖ్యాంశము. బడి తలుపు ఆనాడు తెరచుకొన్నది. కాని బడి ముగిసిన మరునాడు ఆ పిల్లవాడు ఎవరు అను ప్రశ్నకు ఆ తీర్పులో జవాబు లేదు. నేటి చర్చ అంతయు ఆ మరునాటిని గూర్చియే.

ఈ ప్రశ్నకు మన నేలమీద ఒక జవాబు ఉన్నదని చెప్పినచో పాఠకులు ఆశ్చర్యపడుదురేమో. 1923 నుండి 1931 వరకు మంజీరా నదిపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల వద్ద నవాబు అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో నిజాంసాగర్ కట్టినారు. జలాశయము కొరకు నలువది గ్రామములు ఖాళీ చేయించినారు. ఆ ఊళ్ళవారు తమ జిల్లాలోనే పరవాసులైనారు. కాలువలు పారిన పిదప కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతములలో క్యాంపులు వేసికొన్నారు. 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారము వచ్చినప్పుడు మరికొందరు వచ్చినారు. గుడారము వేసికొన్న చోటు గనుక క్యాంపు. గుడారము పోయి మేడలు వచ్చినను పేరు మాత్రము క్యాంపే. “మీరు యాడోళ్ళు?” అను ప్రశ్న వారి మనుమలను, మునిమనుమలను కూడ వెంటాడినది. ముల్కీ ఎవరు, గైర్‌ముల్కీ ఎవరు అను తగవులో ఈ గడ్డ ఎంత నలిగినదో మా తరమువారికి చెప్పనక్కరలేదు. 1919 నాటి ముల్కీ నిబంధనలు పదునైదేండ్ల నివాసము అడిగినవి. ఆ తగవులో న్యాయము ఎవరిది అను చర్చ ఇక్కడ మాకు అప్రస్తుతము. ఆ తగవు నుండి పుట్టిన ఒక కొలబద్ద మాత్రము మాకు ముఖ్యము.

1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుడెవరని నిర్ణయించుటకు పుట్టిన ఊరు అడుగలేదు, తాత పేరు అడుగలేదు. ఎక్కడ చదివినావని అడిగినది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఏ ప్రాంతములో చదివితివో అక్కడి స్థానికుడవు. 2018 నాటి క్రొత్త ఉత్తర్వు ఆ లెక్కను ఒకటి నుండి ఏడవ తరగతి వరకు జరిపినది, కాని అడిగిన ప్రశ్న అదే. బాలుడు ఏ బడి గంట విని పెరిగెనో అదే వాని ఊరు. ఇది ఉద్యోగముల కొరకు చేసిన ఏర్పాటు, పౌరసత్వమునకు కాదు, ఆ భేదము మాకు తెలియును. కాని దాని వెనుక నున్న జ్ఞానము సామాన్యమైనది కాదు. ఈ కొలబద్దతో చూచినచో డల్లాసులో ఒకటి నుండి పన్నెండు వరకు చదివిన మన తెలుగు బిడ్డ డల్లాసు ముల్కీ. వానిని హైదరాబాదుకు “తిరిగి” పంపుట కాదు, హైదరాబాదుకు వెళ్ళగొట్టుట.

ఇక అదే కొలబద్దను బాలాపూర్‌కు తీసికొనిపోవుదము. ఇక్కడనే చాలమంది మిత్రులు మమ్ము విడిచి వెనుదిరుగుదురని తెలిసియే పోవుచున్నాము. మయన్మారులోని రాఖైన్ నుండి 2012 ప్రాంతము మొదలు వచ్చిన రోహింగ్యా కుటుంబములు అక్కడి రేకుల షెడ్లలో ఉన్నవి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు తప్ప వేరు కాగితము లేదు. నాలుగేండ్లప్పుడు వచ్చిన పిల్లవాడు నేడు పదునెనిమిది దాటినాడు. వాడు దక్కనీ ఉర్దూ మాటలాడును, తెలుగులో బేరమాడును. వానిని ఎక్కడికి తిరిగి పంపవలెను? అమెరికా సుప్రీంకోర్టు పిల్లలకు బడి తలుపు తెరచిన ఆ 1982లోనే మయన్మారు పాలకులు పౌరసత్వ చట్టము చేసి రోహింగ్యాలను గుర్తింపబడిన జాతుల పట్టిక నుండి తప్పించినారు. వాని పేరున్న పుస్తకము ఏ దేశపు కచ్చేరిలోను లేదు. గల్ఫు పిల్లవానికి తల్లి యున్న గడప ఉన్నది, డల్లాసు బిడ్డకు తెలియని ఊరైనను పాస్‌పోర్టున్న దేశమున్నది, వీనికి అదియు లేదు. “తిరిగి” అను పదము ఇక్కడ పూర్తిగా పొల్లుమాట.

ఇది మా మతమువారని చెప్పు మాట కాదు. ఫార్మింగ్టన్‌లో పట్టుబడిన పిల్లల మతము మేము విచారింపలేదు. అరుణాచలములోని చక్మాలు బౌద్ధులు. వారిని వెళ్ళగొట్ట జూచినప్పుడు 1996లో మన సుప్రీంకోర్టు, జీవించు హక్కు పౌరులకే కాదు, ఈ నేలమీద నున్న ప్రతి మనిషికిని కలదని చెప్పి రాష్ట్ర ప్రభుత్వమునకు వారిని కాపాడు బాధ్యత అప్పగించినది. ఆ తీర్పును మేము ఎంత గౌరవింతుమో, 2021 ఏప్రిల్ 8న జమ్మూ రోహింగ్యాల విషయములో అదే కోర్టు ఇచ్చిన ఉత్తర్వును అంత విచారముతో చదివినాము. దేశము నుండి పంపబడకుండ ఉండు హక్కు పౌరులదే యని, నిర్ణీత పద్ధతి పాటించి పంపవచ్చునని ఆ ఉత్తర్వు. పద్ధతి యన్న మాటనైనను పట్టుకొని మేము అడుగుచున్నాము: పసితనములో వచ్చిన ప్రతివాని మాటను విడిగా వినుట ఆ పద్ధతిలో ఉండవలదా? 2025 ఫిబ్రవరిలో రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడులలో చేరుటకు నేరుగా దరఖాస్తు చేసికొనవచ్చునని, కాదన్నచో హైకోర్టుకు పోవచ్చునని సుప్రీంకోర్టు చెప్పినది. రాజ్యాంగములోని 21-ఎ అధికరణము “పిల్లలందరు” అన్నదే కాని “పౌరుల పిల్లలు” అనలేదు గదా.

దేశ భద్రత మాట ఎత్తువారికి మా గౌరవముతో కూడిన జవాబు ఒక్కటే. నేరము చేసినవానిని పేరు పెట్టి పట్టుకొనుడు, విచారింపుడు, శిక్షింపుడు. ఇరువది ఏండ్ల లోపు పిల్లలందరిని ఒక మూట కట్టి అనుమానించుట పోలీసుల పని తేలిక చేయునేమో కాని భద్రత పెంచదు. స్థానిక బీదలకు కూలి తగ్గుననునది ఇంకొంచెము బరువైన ఆక్షేపణ. బాలాపూర్ చుట్టుప్రక్కల చిత్తు కాగితములు ఏరుకొను, అడ్డామీద నిలబడు మనవారే ఆ పోటీని భరించుచున్నారు, విద్యావంతులము కాము. అయితే కాగితము లేనివానికి తక్కువ కూలి ఇచ్చుట సాధ్యము గనుకనే పోటీ పుట్టినది. గల్ఫులో మన పిల్లవాని బలహీనత కఫీలుకు ఎట్లు లాభమైనదో ఇక్కడ మేస్త్రీకి అట్లే లాభమగుచున్నది. కాగితమిచ్చి సమాన కూలి అడుగనిచ్చినచో బీదవానికి మేలా, కీడా అని ఆలోచింపవలెను.

చివరగా మన కళాశాల విద్యార్థులు చేయదగిన పని ఒకటి ఉన్నది. మన మండలములోని పల్లెల నుండి ప్రతి యేడును కొందరు పిల్లలు చేతిలో ఏమి వ్రాసియున్నదో తెలియని అరబ్బీ ఒప్పందపు కాగితముతో విమానమెక్కుచున్నారు. ఉర్దూ శాఖ విద్యార్థులకు ఆ లిపి చదువ వచ్చును; జీతపు అంకె, కఫీలు పేరు, పని పేరు గుర్తుపట్టుటకు అంత చాలును. మిగిలిన భాషకు అరబ్బీ తెలిసిన మౌల్వీ సాహెబు ఒకరు తోడు కావలెను. తెలుగు శాఖ విద్యార్థులు దానిని తెలుగులో వ్రాసి ఇంటివారికి వినిపింపవచ్చును. ఏజెంటు రిజిస్టరైనవాడా కాడా యని ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో చూచుటకు పది నిమిషములు పట్టును. ఆదివారము ఉదయము గ్రంథాలయపు వరండాలో రెండు బల్లలు వేసినచో ఈ పని జరుగును. ప్రిన్సిపాల్ గారు బల్లలు ఇప్పించిన చాలును, తక్కినది మేము చూచుకొందుము.